ఇంటి ఈతకొలను నిర్వహణ

ఇంటి ఈతకొలను నిర్వహణ అనగా నివాసగృహపు ఆవరణలో స్వంత వాడుక కొరకు నిర్మించుకున్న ఈతకొలనులోని నీటిని ఆరోగ్యకరంగాను, కొలనును ప్రమాదరహితంగాను ఉంచుటకు చేయవలసిన పనుల సముదాయం. కొలను నీరు నదివలె పారేది కాదు. బావిలో వలె ఊటల ద్వారా కొత్త నీరు వచ్చి చేరదు. ఒకసారి నింపిన నీరే నెలల తరబడి, పలుచోట్ల సంవత్సరాల తరబడి వాడబడుతుంది. అందువలన ఆ నీటిని కదిలించడం, వడకట్టడం, క్రిమిరహితం చేయడం అనే మూడు పనులు నిరంతరం జరుగుతూ ఉండాలి.

నీరు అద్దంలా తేటగా కనిపించినంత మాత్రాన అది సురక్షితమని చెప్పలేము. వ్యాధికారక సూక్ష్మజీవులు కంటికి కనబడవు. నీటిలో తగినంత క్లోరిన్ ఉన్నదో లేదో, ఉన్న క్లోరిన్ పనిచేసే స్థితిలో ఉన్నదో లేదో పరీక్ష వలననే తెలుస్తుంది. కొలను గల ఇంటిని కొత్తగా కొన్నవారు మొదట గ్రహించవలసిన విషయమిది.

చరిత్ర

సింధు నాగరికతకు చెందిన మొహంజోదారో నగరంలో బయల్పడిన మహాస్నానవాటిక సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతు కలిగి ఉన్నది. నీరు ఇంకిపోకుండా దాని గోడలకు తారు వంటి పదార్థాన్ని పూశారు. తెలుగు ప్రాంతాలలో కోనేరులు, దిగుడుబావులు, మోటబావులు, చెరువులు ఈత నేర్చుకొనుటకు ఆధారంగా ఉండేవి.

ఈతకొలనుల నీటిని క్లోరిన్‌తో శుద్ధి చేయడం అమెరికాలో 1910 ప్రాంతంలో మొదలైంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత కాలిఫోర్నియా, ఫ్లోరిడా, టెక్సాస్, అరిజోనా వంటి వేడి రాష్ట్రాలలోను, ఆస్ట్రేలియాలోను పెరటి కొలనులు విరివిగా వెలిశాయి. ఆ ప్రాంతాలలో స్థిరపడిన తెలుగువారు కొందరు ఇంటితో పాటు కొలనుకు కూడా యజమానులవుతున్నారు. హైదరాబాదు శివార్లలోని విల్లాలు, ఫామ్‌హౌసులలో కూడా సొంత కొలనులు కనిపిస్తాయి.

కొలను పరిమాణం

కొలనులో ఎన్ని లీటర్ల నీరు పడుతుందో తెలియకుండా ఏ రసాయనాన్నీ సరైన మోతాదులో వేయడం సాధ్యం కాదు. దీర్ఘచతురస్రాకారపు కొలనుకు పొడవు, వెడల్పు, సగటు లోతులను మీటర్లలో గుణిస్తే ఘనపరిమాణం ఘనమీటర్లలో వస్తుంది. ఒక ఘనమీటరు 1,000 లీటర్లకు సమానం. లోతు ఒకవైపు తక్కువగాను, మరొకవైపు ఎక్కువగాను ఉండి నేల ఏకరీతిగా వాలుతుంటే ఆ రెండు లోతుల సగటును తీసుకోవాలి.

ఉదాహరణకు 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 1.4 మీటర్ల సగటు లోతు గల కొలనులో 44.8 ఘనమీటర్లు, అనగా 44,800 లీటర్ల నీరు ఉంటుంది. ఒక లీటరులో ఒక మిల్లీగ్రాము పదార్థం ఉండడాన్ని ఒక పీపీఎం అంటారు. కాబట్టి ఈ కొలనులో క్లోరిన్‌ను 1 పీపీఎం పెంచుటకు 44.8 గ్రాముల క్లోరిన్ కావాలి. 65 శాతం క్లోరిన్‌నిచ్చే పొడి వాడితే సుమారు 69 గ్రాములు, 10 శాతం ద్రావణం వాడితే సుమారు 450 మిల్లీలీటర్లు అవుతుంది. ఈ వ్యాసంలోని ఇతర లెక్కలకు కూడా ఈ కొలనునే ఉదాహరణగా తీసుకోవడమైనది.

నీటి ప్రసరణ, వడపోత

కొలను పైభాగపు నీరు, దానితో పాటు తేలియాడే ఆకులు, పురుగులు గోడలో అమర్చిన స్కిమ్మర్ అనే నోటి గుండా లోపలికి వెళ్తాయి. అడుగు నీరు తూము గుండా వెళ్తుంది. ఈ నీటిని పంపు లాగి ఫిల్టరులోనికి నెడుతుంది. వడపోసిన నీరు గోడలలోని రంధ్రాల ద్వారా తిరిగి కొలనులో చేరుతుంది. నీటిమట్టం స్కిమ్మర్ నోటికి సగం ఎత్తున ఉండాలి. అంతకన్న బాగా తగ్గితే పంపు గాలిని లాగి చెడిపోయే అవకాశం ఉన్నది.

గంటకు 8 ఘనమీటర్ల నీటిని పంపే పంపు 44.8 ఘనమీటర్ల నీటిని ఒక విడత తిప్పుటకు 5.6 గంటలు పడుతుంది. అయితే వడపోసిన నీరు మళ్లీ పాత నీటితోనే కలుస్తూ ఉండుట వలన, ఒక విడతలో నిజంగా ఫిల్టరు గుండా పోయే నీరు సుమారు 63 శాతం మాత్రమే. అందువలన వేసవిలోను, ఈతగాళ్లు ఎక్కువగా ఉన్న రోజులలోను పంపును ఇంకా ఎక్కువ సేపు నడపవలసి వస్తుంది. వేగం మార్చుకొనే పంపును సగం వేగంతో నడిపితే ప్రవాహం సగమవుతుంది కాని, సిద్ధాంతరీత్యా విద్యుత్తు ఎనిమిదవ వంతే ఖర్చవుతుంది. రెట్టింపు సేపు నడిపినా మొత్తం ఖర్చు నాలుగవ వంతుకు దిగుతుంది.

ఫిల్టర్లు ముఖ్యంగా మూడు రకాలు.

* ఇసుక ఫిల్టరు: భారతదేశంలో ఎక్కువగా వాడబడుతుంది. సుమారు 20 నుండి 40 మైక్రాన్ల కణాల వరకు పట్టుకుంటుంది.
* కార్ట్రిడ్జ్ ఫిల్టరు: మడతలు పెట్టిన వస్త్రం వంటి గొట్టం. దీనిని బయటకు తీసి నీటిధారతో కడగాలి.
* డయాటమ్ మట్టి ఫిల్టరు: అన్నిటికన్న సన్నని కణాలను పట్టుకుంటుంది.

ఇసుక ఫిల్టరు మురికితో నిండినకొద్దీ దానిపైనున్న పీడనమాపకంలో ముల్లు పైకి పోతుంది. శుభ్రంగా ఉన్నప్పటి పీడనం కన్న 8 నుండి 10 పీఎస్ఐ పెరిగినప్పుడు నీటిని వ్యతిరేకదిశలో పంపి ఇసుకను కడగాలి. దీనిని బ్యాక్‌వాష్ అంటారు. పంపును ఆపిన తరువాతనే కవాటపు పిడిని తిప్పాలి. నడుస్తుండగా తిప్పితే కవాటం లోపలి రబ్బరు తెగిపోవచ్చు. గాజుగొట్టంలో నీరు తేటగా వచ్చే వరకు, సాధారణంగా రెండు మూడు నిమిషాలు కడిగి, తరువాత కొద్దిసేపు రిన్స్ స్థానంలో నడపాలి. ఇసుకను అవసరానికి మించి తరచుగా కడిగితే నీరు వృథా కావడమే కాక వడపోత కూడా మందగిస్తుంది. కొద్దిగా మురికి పట్టిన ఇసుక సన్నని కణాలను మరింత బాగా ఆపడమే ఇందుకు కారణం.

క్లోరిన్ పనిచేసే విధానం

క్లోరిన్‌ను ఏ రూపంలో వేసినా నీటిలో హైపోక్లోరస్ ఆమ్లం ఏర్పడుతుంది. సూక్ష్మజీవులను చంపేది ప్రధానంగా ఇదే. దీనిలో కొంత భాగం విడిపోయి హైపోక్లోరైట్ అయానుగా మారుతుంది. ఈ అయానుకు క్రిమిసంహారక శక్తి చాలా తక్కువ. ఏ భాగం ఎంత ఉండేదీ నీటి పీహెచ్‌ను బట్టి నిర్ణయమవుతుంది. పీహెచ్ 7.0 వద్ద సుమారు 75 శాతం, 7.5 వద్ద సుమారు 50 శాతం, 8.0 వద్ద సుమారు 25 శాతం మాత్రమే హైపోక్లోరస్ ఆమ్లంగా ఉంటుంది. అనగా పీహెచ్ పెరిగిన కొలనులో క్లోరిన్ పరీక్షలో సరిగానే కనబడినా దాని శక్తి తగ్గి ఉంటుంది.

అమెరికా వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రం (సీడీసీ) కొలను నీటిలో కనీసం 1 పీపీఎం స్వేచ్ఛా క్లోరిన్, సయనూరిక్ ఆమ్లం వాడే కొలనులలో కనీసం 2 పీపీఎం ఉండాలని, పీహెచ్ 7.0 నుండి 7.8 మధ్య ఉండాలని సూచిస్తున్నది. 1 పీపీఎం క్లోరిన్ గల నీటిలో ఈ.కోలై బ్యాక్టీరియా ఒక నిమిషం లోపుననే చనిపోతుంది. హెపటైటిస్-ఎ వైరస్‌కు సుమారు 16 నిమిషాలు, జియార్డియాకు సుమారు 45 నిమిషాలు పడుతుంది. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మాత్రం అదే నీటిలో పది రోజులకు పైగా బ్రతకగలదు. అందువలన విరేచనాలతో బాధపడుతున్నవారిని, ముఖ్యంగా పసిపిల్లలను, కొలనులోనికి దింపకుండుటయే దీనికి ప్రధాన నివారణ.

క్లోరిన్ వాసన

ఘాటైన వాసన వస్తే నీటిలో క్లోరిన్ ఎక్కువైనదని సాధారణంగా భావిస్తారు. వాస్తవానికి చెమట, మూత్రం మొదలైన వాటిలోని నత్రజని పదార్థాలతో క్లోరిన్ కలిసి ఏర్పడే క్లోరమైన్లు ఆ వాసనకు, కళ్లమంటకు ప్రధాన కారణం. దిగడానికి ముందు సబ్బుతో స్నానం చేస్తే క్లోరమైన్లు చాలావరకు తగ్గుతాయి. ఏర్పడినవాటిని తొలగించుటకు వాటి పరిమాణానికి సుమారు పది రెట్లు క్లోరిన్‌ను ఒకేసారి వేస్తారు. దీనిని షాక్ చికిత్స అంటారు. క్లోరిన్ మామూలు స్థాయికి దిగేవరకు ఎవరూ కొలనులో దిగరాదు.

సయనూరిక్ ఆమ్లం

సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు క్లోరిన్‌ను విచ్ఛిన్నం చేస్తాయి. ఎండకు తెరచి ఉన్న కొలనులో రక్షణ లేని క్లోరిన్ రెండు మూడు గంటలలోనే చాలావరకు నశిస్తుంది. సయనూరిక్ ఆమ్లం క్లోరిన్‌తో వదులుగా బంధం ఏర్పరచుకొని దానిని ఎండ నుండి కాపాడుతుంది. ఇది సాధారణంగా 30 నుండి 50 పీపీఎం వరకు ఉంటే చాలును. అంతకు మించినకొద్దీ క్లోరిన్ పనితీరు నెమ్మదిస్తుంది.

కొత్త యజమానులు తెలియక చేసే పెద్ద పొరపాటు ఇక్కడనే జరుగుతుంది. అంగడిలో దొరికే క్లోరిన్ బిళ్లలు చాలావరకు ట్రైక్లోర్ అనే పదార్థంతో తయారవుతాయి. వీటి వాడుక సులభం, కాని ప్రతి 10 పీపీఎం క్లోరిన్‌తో పాటు ఇవి సుమారు 6 పీపీఎం సయనూరిక్ ఆమ్లాన్ని నీటిలో కలుపుతాయి. క్లోరిన్ ఖర్చైపోతుంది, ఆమ్లం మిగిలిపోతుంది. నీరు ఆవిరైనా అది తగ్గదు. రోజుకు 2 పీపీఎం క్లోరిన్ ఖర్చయ్యే కొలనులో కేవలం బిళ్లలనే వాడితే నెలకు సుమారు 36 పీపీఎం, మూడు నెలలకు 100 పీపీఎం పైగా సయనూరిక్ ఆమ్లం పేరుకుంటుంది. అప్పుడు పరీక్షలో క్లోరిన్ సరిగానే ఉన్నా నీటిలో నాచు పెరుగుతుంది. పాత నీటిని కొంత తీసివేసి కొత్త నీరు పోయడమే దీనికి ఆచరణలోనున్న మార్గం. 120 పీపీఎంను 40కి దించాలంటే మూడింట రెండు వంతుల నీటిని మార్చవలసి ఉంటుంది.

క్లోరిన్ రూపాలు

* సోడియం హైపోక్లోరైట్ ద్రావణం: సయనూరిక్ ఆమ్లాన్ని గాని, కాల్షియాన్ని గాని చేర్చదు. వేడికి, కాలానికి శక్తి కోల్పోతుంది కాబట్టి ఎక్కువగా నిల్వ చేయరాదు.
* కాల్షియం హైపోక్లోరైట్: సాధారణంగా 65 నుండి 70 శాతం క్లోరిన్‌నిచ్చే పొడి. నీటి కఠినత్వాన్ని పెంచుతుంది.
* ట్రైక్లోర్, డైక్లోర్: రెండూ సయనూరిక్ ఆమ్లాన్ని చేరుస్తాయి. ట్రైక్లోర్ పీహెచ్‌ను తగ్గిస్తుంది.
* ఉప్పునీటి విధానం: నీటిలో సుమారు 3,000 నుండి 4,000 పీపీఎం ఉప్పు కలిపి విద్యుద్విశ్లేషణ ద్వారా క్లోరిన్ తయారుచేస్తారు. ఇది క్లోరిన్ లేని కొలను అనుకోవడం పొరపాటు. ఇందులో పీహెచ్ తరచుగా పెరుగుతుంది.

క్షారత్వం, కఠినత్వం

నీటిలోని బైకార్బొనేట్ లవణాలు పీహెచ్‌ను ఒడుదుడుకులు లేకుండా నిలుపుతాయి. ఈ గుణాన్ని మొత్తం క్షారత్వం అంటారు. ఇది సాధారణంగా 80 నుండి 120 పీపీఎం ఉండాలి. తగ్గినప్పుడు వంటసోడా వేస్తారు. ఉదాహరణ కొలనులో క్షారత్వం 10 పీపీఎం పెరుగుటకు సుమారు 750 గ్రాముల వంటసోడా అవసరం. పీహెచ్ పెరిగినప్పుడు దానిని తగ్గించుటకు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని కొద్దికొద్దిగా వేస్తారు.

కాల్షియం కఠినత్వం 200 నుండి 400 పీపీఎం మధ్య ఉండడం మేలు. మరీ తక్కువైతే నీరు సిమెంటు పూత, పలకల మధ్య సందులనుండి కాల్షియాన్ని కరిగించుకుంటుంది. ఎక్కువైతే గోడలపైన, గొట్టాలలోను తెల్లని సున్నపు పొర పేరుకుంటుంది. నీరు కరిగించే గుణంతో ఉన్నదో, పొర కట్టే గుణంతో ఉన్నదో తెలుసుకొనుటకు విల్‌ఫ్రెడ్ లాంగ్లియర్ 1936లో ప్రతిపాదించిన సూచిక నేటికీ వాడబడుతున్నది.

తెలంగాణ, రాయలసీమలలోని అనేక ప్రాంతాలలో బోరు నీరు స్వతహాగా కఠినజలం. అటువంటి నీటితో నింపిన కొలనులో కాల్షియం హైపోక్లోరైట్ పొడినే వాడుతూ పోతే కఠినత్వం ఇంకా పెరుగుతుంది. వేసవిలో నీరు ఆవిరైనప్పుడు లవణాలు కొలనులోనే మిగిలి, పైన పోసే కొత్త నీటితో మరిన్ని లవణాలు చేరతాయి. ఇటువంటి చోట్ల సోడియం హైపోక్లోరైట్ ద్రావణం వాడడం, వీలైతే వర్షపు నీటిని లేదా తక్కువ కఠినత్వం గల నీటిని కలపడం ఉపయోగకరం.

నీటి పరీక్ష

పీహెచ్‌ను ఫినాల్ రెడ్ అనే రంగుద్రవ్యంతోను, క్లోరిన్‌ను డీపీడీ అనే కారకంతోను పరీక్షిస్తారు. డీపీడీ క్లోరిన్ వలన గులాబీరంగుకు మారుతుంది. పసుపురంగు నిచ్చే ఓటీఓ పరీక్ష మొత్తం క్లోరిన్‌నే చూపుతుంది. క్రిములను చంపే స్వేచ్ఛా క్లోరిన్ ఎంతో, క్లోరమైన్లు ఎంతో అది వేరుచేసి చెప్పదు. క్లోరిన్ మరీ ఎక్కువగా ఉన్నప్పుడు డీపీడీ రంగు వెలిసిపోయి, అసలు క్లోరిన్ లేదనే భ్రమ కలిగించవచ్చు. కాబట్టి రంగు క్షణకాలం కనబడి మాయమైతే నమూనాను స్వచ్ఛమైన నీటితో పలుచన చేసి మళ్లీ పరీక్షించాలి. నమూనాను నీటి పైభాగం నుండి కాక మోచేయి లోతు నుండి, నీరు తిరిగివచ్చే రంధ్రాలకు దూరంగా తీయాలి.

కొత్త యజమాని తొలి పనులు

* పాత యజమాని నుండి గాని, నిర్మాణదారు నుండి గాని గొట్టాల పటం, పంపు, ఫిల్టరు వివరాలు సేకరించుట.
* కొలను పరిమాణాన్ని లెక్కించి వ్రాసి ఉంచుట.
* ఫిల్టరు శుభ్రంగా ఉన్నప్పటి పీడనాన్ని నమోదు చేయుట.
* సయనూరిక్ ఆమ్లం, కఠినత్వంతో సహా అన్ని పరీక్షలు ఒకసారి పూర్తిగా చేయించుట.
* అడుగు తూము మూత గట్టిగా బిగించి ఉన్నదో లేదో చూచుట.
* పంపు, దీపాల విద్యుత్ తీగలకు ఎర్తింగ్, విద్యుత్ లీకైన వెంటనే సరఫరాను నిలిపే 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ పరికరం ఉన్నవో లేవో అర్హతగల ఎలక్ట్రీషియన్‌చే తనిఖీ చేయించుట.

కొలనును శుభ్రం చేయాలనే ఉత్సాహంతో నీటినంతా ఒకేసారి తీసివేయడం ప్రమాదకరం కావచ్చు. భూగర్భజలం పైకి ఉన్న కాలంలో, ముఖ్యంగా వానాకాలంలో, ఖాళీ కొలనును అడుగునుండి నీటి ఒత్తిడి పైకి నెట్టి పగుళ్లు తెప్పించవచ్చు. ఫైబర్‌గ్లాసు కొలనులు నేలనుండి పైకి లేచిపోవచ్చు.

నిత్యకృత్యాలు

ప్రతిరోజు తేలియాడే చెత్తను వలతో తీసివేయాలి, స్కిమ్మర్ బుట్టను చూడాలి. వాడుక ఉన్న కాలంలో క్లోరిన్, పీహెచ్‌లను రోజూ పరీక్షించడం ఉత్తమం. వారానికి ఒకసారి గోడలను, మెట్లను బ్రష్‌తో తోమి, అడుగున చేరిన మట్టిని వాక్యూమ్‌తో లాగి, పంపు బుట్టను కడిగి, క్షారత్వాన్ని పరీక్షించాలి. సయనూరిక్ ఆమ్లం, కఠినత్వం నెలకు ఒకసారి చూస్తే సరిపోతుంది. పెద్ద వాన తరువాత అన్ని పరీక్షలు తిరిగి చేయాలి. వాననీరు రసాయనాలను పలుచబరచి, నాచుకు ఆహారమైన దుమ్మును, ఆకులను తెచ్చిపడవేస్తుంది.

ఎదురయ్యే సమస్యలు

నీరు ఆకుపచ్చగా మారడం నాచు పెరిగినదనుటకు గుర్తు. దీనికి పీహెచ్‌ను సరిచేసి, గోడలను తోమి, క్లోరిన్‌ను హెచ్చుస్థాయిలో నిలుపుతూ, పంపును ఆపకుండా నడుపుతూ, ఫిల్టరును అవసరమైనప్పుడల్లా కడగాలి. నాచు చచ్చిన తరువాత నీరు కొన్ని రోజులు పాలవలె తెల్లగా ఉండవచ్చు. అడుగు తూము స్పష్టంగా కనబడేవరకు కొలనులో దిగరాదు. మునిగినవారు అటువంటి నీటిలో పైనున్నవారికి కనబడరు.

నీటిమట్టం తగ్గుతున్నప్పుడు కారణం ఆవిరా, కారడమా అని తేల్చుకొనుటకు బకెట్ పరీక్ష చేస్తారు. బకెట్‌లో నీరు నింపి కొలను మెట్టుపై ఉంచి, లోపల, బయట నీటిమట్టాలను గుర్తించాలి. 24 గంటల తరువాత కొలను మట్టం బకెట్‌లోని మట్టం కన్న ఎక్కువగా తగ్గితే నీరు కారుతున్నదని తెలుసుకోవాలి. 32 చదరపు మీటర్ల కొలనులో ఒక సెంటీమీటరు మట్టం 320 లీటర్లకు సమానం.

రసాయనాల భద్రత

క్లోరిన్ రసాయనాన్ని ఆమ్లంతో కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ట్రైక్లోర్, కాల్షియం హైపోక్లోరైట్ ఒకదానితో ఒకటి కలిస్తే మంటలు, పేలుడు సంభవించవచ్చు. ఒకదానికి వాడిన చెంచాను, బకెట్‌ను మరొకదానికి వాడరాదు. రసాయనాన్నే నీటిలో వేయాలి తప్ప రసాయనంపై నీరు పోయరాదు. చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించి, గాలి వీచే దిక్కుకు ఎదురుగా ముఖం పెట్టకుండా పనిచేయాలి. నిల్వ గది పొడిగా, గాలి తగిలేలా, పిల్లలకు అందనిదిగా ఉండాలి.

2024 సెప్టెంబరు 29న అమెరికాలోని జార్జియా రాష్ట్రం కాన్యర్స్ పట్టణంలో ఈతకొలను రసాయనాల కర్మాగారంలో నిల్వలు తడిసి, మంటలు, క్లోరిన్‌తో కూడిన పొగ వ్యాపించాయి. సుమారు 17,000 మందిని ఖాళీ చేయించారు. సుమారు 90,000 మందిని ఇళ్లలోనే ఉండవలసిందిగా ఆదేశించారు. ఇంటి నిల్వగదిలో ఉండే పదార్థాల స్వభావం కూడా ఇటువంటిదే.

మునక ప్రమాదాల నివారణ

అమెరికాలో 1 నుండి 4 సంవత్సరాల పిల్లల మరణాలకు నీట మునగడం ప్రధాన కారణం. పసిపిల్లలు సాధారణంగా కేకలు లేకుండా, చప్పుడు లేకుండా మునిగిపోతారు. అందువలన నాలుగు వైపులా కంచె, దానంతటదే మూసుకొనే గేటు అత్యవసరం. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 1992 నాటి చట్టం ప్రకారం ఇంటి కొలనులకు కంచె తప్పనిసరి. అక్కడి ప్రమాణం ప్రకారం కంచె కనీసపు ఎత్తు 1.2 మీటర్లు. కంచె వెలుపల ఎక్కుటకు వీలిచ్చే కుర్చీలు, పూలకుండీలు ఉంచరాదు. కంచె ఉన్నప్పటికీ పిల్లలు నీటిలో ఉన్నంతసేపు ఒక పెద్దవారు వేరే పని పెట్టుకోకుండా వారినే గమనిస్తూ ఉండాలి.

అడుగు తూము లాగే శక్తి వలన జుట్టు గాని, శరీరం గాని చిక్కుకునే ప్రమాదం ఉన్నది. 2002లో వేడినీటి తొట్టి తూముకు చిక్కుకొని ఏడేళ్ల వర్జీనియా గ్రేమ్ బేకర్ మరణించింది. ఆమె పేరిట అమెరికాలో 2007లో చేసిన చట్టం సురక్షితమైన తూము మూతలను తప్పనిసరి చేసింది. మూత విరిగిన కొలనును బాగుచేసేవరకు వాడరాదు.

దోమలు

వాడక వదిలేసిన కొలను ఇరుగుపొరుగువారికి కూడా ముప్పు. వెచ్చని వాతావరణంలో దోమగుడ్డు వారం పది రోజులలో దోమగా మారుతుంది. 2007లో కాలిఫోర్నియాలోని కెర్న్ కౌంటీలో వెస్ట్ నైల్ వ్యాధి పెరిగినప్పుడు, గృహరుణాల సంక్షోభం వలన పాడుబడ్డ ఇళ్ల కొలనులు దోమలకు నిలయమవడం ఒక కారణంగా పరిశోధకులు గుర్తించారు. ఎక్కువ కాలం ఊరికి వెళ్లే యజమాని పంపు, క్లోరిన్ పనిని మరొకరికి అప్పగించడం అవసరం.

వాడిన నీటి విడుదల

క్లోరిన్ గల నీటిని నేరుగా చెరువులోనికి, కాలువలోనికి వదలితే చేపలు చనిపోతాయి. క్లోరిన్ వేయడం ఆపి, పరీక్షలో అది శూన్యమని తేలిన తరువాతనే స్థానిక నియమాలను అనుసరించి వదలాలి. ఉప్పునీటి కొలను నీరు మొక్కలకు పనికిరాదు. కొలనుపై పరదా కప్పితే ఆవిరయ్యే నీరు, ఖర్చయ్యే క్లోరిన్, పడే చెత్త మూడూ తగ్గుతాయి. అయితే పరదా కంచెకు ప్రత్యామ్నాయం కాదు. సాధారణ పరదాపై పిల్లలు అడుగు పెడితే అది వారితో పాటు నీటిలోనికి కుంగిపోతుంది.

ఇవి కూడా చూడండి

* ఈత
* క్లోరిన్
* కఠిన జలం
* కోనేరు